ఓడ మీద కాంటా

ఓడ ఎక్కాలనుకునేటోళ్లకు నేను మొట్టమొదలు చెప్పేది ఒక్కటే. ఒక్కరే పోతున్నట్టయితే కిటికీ లేని రూము తీసుకోకుండ్రి. ఇద్దరు పోతే ఏ ఫికరూ లేదు. ఒకరు లేచి లైటేస్తే అది పొద్దు, ఒకరు ముసుగు తంతే అది రాత్రి. ఒక్కరే ఉంటే తెల్లారిందో పొద్దుగూకిందో చెప్పే దిక్కుండదు. నేను మధ్యాహ్నం ఓడెక్కి, జర నడుం వాల్చి, లేచి చూస్తే గడియారంల ఆరు. స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, ఇడ్లీల కోసమని హాలుకు పోతే అక్కడ సమోసలు పెడుతున్నరు. అది సాయంత్రం ఆరు. పెట్టేటాయన నా తడి తల చూసి, బొట్టు చూసి, రెండు చేతులెత్తి దండం పెట్టిండు. నేనేదో సాయంకాలం పూజ చేసుకొని వచ్చిన పెద్దమనిషిననుకున్నట్టుంది. నేను గూడ అవునన్నట్టే తలూపి నాలుగు సమోసలు తీసుకున్న.

ఈ ముచ్చట మా బజార్ల చెప్తే ఒక్కరు నమ్మలే. అది వాళ్ల తప్పు కాదు.

వరంగల్ల మార్కెట్ యార్డుకు పోయే తొవ్వల నాకు తాళ్లు, పట్టాల దుకాణం ఉంది. పరకాల దిక్కుకెళ్లి, నర్సంపేట దిక్కుకెళ్లి మిర్చి, పత్తి, వడ్లు తెచ్చే రైతులు వానకు బస్తాలు తడవకుండ కప్పుకునే పట్టాలు, కట్టుకునే తాళ్లు నా దగ్గర్నే కొంటరు. తాడు కొన్నోళ్లకు ఒక గప్పా, అంటే ఒక కోతల కథ, ఫ్రీ. డోర్నకల్ జంక్షన్ల ఇంజను ఖరాబైతే మా అయ్య ఇచ్చిన కొబ్బరితాడు కట్టి, గూడ్సుబండిని మనుషులే వరంగల్ దాంక గుంజుకొచ్చిన్రని చెప్పిన. నా పట్టా కింద మూడేండ్లు దాచిన మిరపకాయలు బయటికి తీస్తే, ఇంకా చెట్టుకున్నట్టే పచ్చగ నవనవలాడుతున్నయని చెప్పిన. యాభై రెండేండ్లొచ్చినా నాకు పెండ్లెందుకు కాలేదన్న దానికి పద్దెనిమిది కథలున్నయి. అండ్ల ఒక్కటి నిజం లేదు. నిజం చిన్నగుంటది, చెప్తే మజా రాదు.

నా దుకాణానికి ఎదురుగ, రోడ్డుకు ఆ పక్క, తూకమేసే కాంటాల దుకాణం, నా దోస్తుది. కాంటాలు అమ్ముతడు, బాగుచేస్తడు. వాళ్ల నాయిన గూడ అదే పని. ఇద్దరం ఒకే బడి, ఒకే బెంచి. నేను మాట్లాడితె ఆగను, ఆయన ఆగితె మాట్లాడడు. ముక్కు మీద అద్దాలు, చేతిల పట్టకారసొంటి చిన్న చిమట, ఆ చిమటతోని గోరంత తూకంరాయిని ఎత్తి పళ్లెంల పెడుతుంటే పక్కన తుమ్మాలన్నా భయమైతది. ఏటేటా తూకంరాళ్లకు ముద్ర వేయించుకున్న కాగితాలు అద్దాలు కట్టించి, దేవుని పటాల పక్కనే గోడకు వేలాడదీసుకుంటడు. ఆయనకున్న ఆస్తి అదే అనుకోవాలె.

మా మార్కెట్ల బస్తా తూకమేసినంక సంచి బరువని, తేమ అని, మట్టి అని కొంత కోసేస్తరు. దాన్ని తరుగంటరు. నేను చాయ్ డబ్బా కాడ నిలబడి గూడ్సుబండి కథో, పచ్చి మిర్చి కథో చెప్తుంటే, రోడ్డుకు ఆ పక్క నుంచే ఆయన, తలెత్తకుండ, చిమట కింద పెట్టకుండ, ఒక్క మాట అడిగేటోడు.

"తరుగెంత?"

నేను "సగం తీసెయ్" అనేటోణ్ని. "ఇంక?" అనేటోడు. "మల్ల ఒక పావు." "అయితే మీ అయ్య ఇచ్చింది తాడు కాదు, దారం. గుంజింది గూడ్సుబండి కాదు, తోపుడు బండి." అందరు పడి పడి నవ్వేటోళ్లు. చాయ్ డబ్బా నడిపే అక్క నాకూ ఆయనకూ ఒకే చాయ్‌ని రెండు గ్లాసులల్ల పోసి, "ఇగ మూసుకొని తాగుండ్రి ఇద్దరు" అనేది. ముప్పై ఏండ్లు గట్లనే నడిచింది.

గప్పాలు కొట్టేటోనికి నమ్మేటోళ్లు కావాలని లోకం అనుకుంటది. నాకు కావాల్సింది నమ్మనోడు. గోడ లేంది బంతి ఎటు కొడుతవ్?

ఓడ ముచ్చట గూడ గట్లనే మొదలైంది. ఓడలు కట్టే తాళ్లు తొడంత లావుంటయని నేనన్న. "చూసినవా?" అన్నడాయన. చూసిన అన్న. నేను సముద్రమే చూడలే అప్పటికి. ఆయన గూడ చూడలే. మా ఇద్దరి తీర్థయాత్రలన్ని కొండల మీదనే అయినయి. "తరుగెంత?" అన్నడు. "తరుగు లేదు, పోయి కొలుద్దాం పా" అన్న. యాభై దాటినంక ఇద్దరం కలిసి ఓడ ఎక్కాలె, టేపు పెట్టి తాడు కొలవాలె అని ఒప్పందం. ఇది మాట వరసకు అన్నది కాదు. హన్మకొండల ట్రావెల్స్ ఆయన దగ్గరికి ఇద్దరం పోయి, పాస్‌పోర్టులు చేయించుకొని, చెన్నైల ఎక్కి లంక దాంక పోయి వచ్చే ఓడల, నాలుగు రాత్రుల టూరు, రెండు మంచాల రూము ఖాయం చేసుకున్నం. కిటికీ వద్దన్నది ఆయనే. "కిటికీలకెళ్లి ఏం చూస్తవ్ రా? నీళ్లే కదా" అన్నడు.

అది జరిగిన నెలకు నేను ఒక కథ చెప్పిన.

ఆ పొద్దు ఆయన ఏదో పని మీద మహబూబాబాద్ పోయిండు. దుకాణం మూసుంది. చాయ్ డబ్బా కాడ నలుగురు కొత్త మనుషులున్నరు. అండ్ల ఒకాయన, ఎదురుంగ కాంటాలు బాగు చేసేటాయన పనితనం ఎట్లుంటదని అడిగిండు. నాకు ఆయనంటే ఎంత గొప్పనో చెప్పాలనిపించింది. చెప్పిన. "ఆయన చెయ్యి పడ్డ కాంటా మనిషిని గుర్తు పడుతది అన్నా. సేటు నిలబడితే ఒక తూకం, రైతు నిలబడితే ఒక తూకం చూపిస్తది. మంత్రమేస్తడు" అన్న. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. రోడ్డుకు ఆ పక్కకెళ్లి "తరుగెంత" అని అడగాల్సిన మనిషి లేడు.

నా కథ నర్సంపేట పోయింది. పరకాల పోయింది. పోయేటప్పుడు నవ్వుకుంట పోయింది, వచ్చేటప్పుడు మొఖం మార్చుకొని వచ్చింది. తరుగు తోని, తూకం తోని ఏండ్లకేండ్లు నెత్తి కొట్టుకుంటున్న రైతుల నడుమ గసుంటి మాట వదిలితే అది గడ్డివాముల నిప్పే అని, ఈ మార్కెట్ల పుట్టి పెరిగినోణ్ని, నాకు తెలువకపోవుడేంది. నోటికి మజా వచ్చింది, తెలువనట్టు చేసిన. రైతులొచ్చి ఆయన దుకాణం ముంగట నిలబడి లోపలికి చూసి పోయేటోళ్లు. ఎవరో అర్జీ పెట్టిన్రు. తూనికల ఆఫీసోళ్లు వచ్చిన్రు. పొద్దందాక ప్రతి కాంటా, ప్రతి రాయి చూసి, అన్ని సరిగ్గున్నయని రాసిచ్చి పోయిన్రు. కానీ వాళ్లు వచ్చిన జీపును బజారంత చూసింది. రాసిచ్చిన కాగితాన్ని ఎంతమంది చూసిన్రు?

ఆయన నా మీదికి రాలే. తిట్టలే. ఆ రోజు సాయంత్రం తన కుర్చీని ఎత్తి, వీపు నా దుకాణం దిక్కు వచ్చేటట్టు తిప్పి వేసుకున్నడు. అంతే.

అప్పటికెళ్లి ఎనిమిది నెలలు నేను ఆ వీపుకే కథలు చెప్పిన. ఎంత పెద్ద గప్పా కొడితే అంత తొందరగ తిరుగుతడనుకున్న. ఏనుగులను తాడుతో విమానంలకు ఎక్కించిన కథ చెప్పిన, తిరగలే. చాయ్ డబ్బా అక్క ఒకనాడు గరిటె చూపిచ్చుకుంట మీదికొచ్చింది.

"ఏందే అన్నా, పొద్దందాక సొల్లు చెప్పే నోరు, తప్పయిందని ఒక్క మాట చెప్పనీకి రాదా నీకు?"

"వస్తది. కాని నేను చెప్తే ఆయన నమ్మొద్దా?"

"నమ్ముడు ఆయన పని. చెప్పుడు నీ పని. నడువు."

నేను నడవలే. రోడ్డు దాటుడు అంటే పదిహేను అడుగులు. లంక దాంక పోయి వచ్చిన గాని ఆ పదిహేను అడుగులు నాతోని కాలే.

ఒక ఆశ మాత్రం ఉండె. ఓడ టికెట్టు ఆయన వాపస్ చెయ్యలే. ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేసి కనుక్కున్న. వాపస్ చెయ్యలేదంటే వస్తడనే కదా. వరంగల్ స్టేషన్ల సాయంత్రం బండి కాడ రెండు బెర్తుల ముంగట నిలబడి ప్లాట్‌ఫారం దిక్కే చూసిన. బండి కదిలింది. వేరే డబ్బా ఎక్కి ఉంటడనుకొని డోర్నకల్ల బండి ఆగితే దిగి నాలుగు డబ్బాలు వెతికిన. లేడు. టీసీ వచ్చి ఖాళీ బెర్తును ఎవరో ముసలాయనకు ఇచ్చిండు. రైల్ల ఖాళీ బెర్తుకు మనిషి దొరుకుతడు. ఓడల ఖాళీ మంచానికి ఎవ్వరు దొరకరు. ఇది గూడ సలహా కిందనే రాసుకోండ్రి: ఇద్దరి కోసం తీసుకున్న రూముల ఒక్కడు పోతే, ఇంకో మంచం మీతోనే వస్తది, నాలుగు రాత్రులు మీ పక్కనే ఉంటది.

ఇగ మిగిలిన సలహాలు. రేవు కాడ పెద్ద బ్యాగులు తీసుకుంటరు. అవి రూముకు చేరేటప్పటికి పొద్దుగూకుతది. అందుకే బీపీ గోలీలు, ఒక లుంగీ, పాస్‌పోర్టు చేతి సంచిల పెట్టుకోవాలె. ఇస్త్రీ పెట్టె తీసుకపోవద్దు, గుంజుకుంటరు. కరెంటు కుక్కరు గుంజుకుంటరు. నా ముంగట ఒకామె కుక్కరు ఇయ్యనని ఏడ్చినంత పని చేసింది. పచ్చడి సీసా ఆపుతరు. మూత గట్టిగున్న కారప్పొడి డబ్బాకు మాత్రం నన్నేమనలే. అది లేకుంటే నాలుగు రోజులు నాలుకకు పండుకునుడే పని.

తాడు గూడ గుంజుకుంటరు. ఇది నాకే జరిగింది. తువ్వాల ఆరేసుకుంటానికి పది మీటర్ల నైలాన్ తాడు, నా దుకాణందే, సంచిల వేసుకున్న. మెషిన్ల చూసి సెక్యూరిటీ ఆయన ఆపిండు.

"యే క్యా హై?"

"రస్సీ హై సాబ్."

"కాయ్‌కు?"

"టవల్ సుఖానే కే వాస్తే."

ఆయన తాడును నా మెడను ఒక్కసారి చూసిండు. ఒక్కణ్నే ఉన్న, రెండు మంచాల టికెట్టు చేతిల ఉన్నది, సంచిల తాడున్నది. ఆయన ఏమనుకున్నడో నాకు అప్పుడు సమజ్ కాలే, ఓడ కదిలినంక సమజైంది. తాడు తీసి పక్కకు పెట్టి, దిగేటప్పుడు తీసుకోమని ఒక బిళ్ల ఇచ్చిండు. బాత్రూంల గోడకు చిన్న డబ్బా ఉంటది, గుంజితే సన్న తీగ వస్తది, దాని మీద ఆరేసుకోవచ్చు. ఈ ముచ్చట ముందే తెలిసుంటే పోయేది.

వాంతులు అయితయని భయమున్నోళ్లు ఓడ నడిమిట్ల, కింది అంతస్తుల రూము అడుగాలె. అక్కడ ఊగుడు తక్కువ. అల్లం ముక్క నోట్ల పెట్టుకోవాలె, కడుపు ఖాళీగ ఉంచొద్దు. ఓడ ఒడ్డు దాటకముందే ఫోను విమానం గుర్తు మీద పెట్టాలె, లేకపోతే సముద్రం మీది సిగ్నలు పట్టుకొని బిల్లు వస్తది. నేను ఆ పని గంట లేటు చేసిన. ఎవరన్న ఫోను చేస్తరేమోనని.

మొదటి రోజు అందరిని సైరను కొట్టి పిలుస్తరు. ప్రమాదమైతే ఎవరు ఎక్కడ నిలబడాలె, లైఫ్ జాకెట్ ఎట్ల కట్టుకోవాలె అని చూపిస్తరు. చానమంది నవ్వుకుంట, ఫోటోలు దిగుకుంట ఉంటరు. అట్ల చెయ్యకుండ్రి, చక్కగ వినుండ్రి. అక్కడ ఒక పిల్ల కాగితం పట్టుకొని రూము నంబర్లు పిలుస్తుంది. నా నంబరు చదివి, "ఇద్దరు కదా సర్, ఇంకొకరు?" అన్నది. రాలేదు అని చెప్తే అయిపోయేది. నా నోరు ఎప్పుడన్న సీదా నడిచిందా? "పైన గాలికి నిలబడ్డడమ్మా, వస్తడు" అన్న. ఆ పిల్ల పైనంత వెతికిచ్చింది. ఆఖరుకు లెక్కల చూసుకొని, ఆయన ఓడే ఎక్కలేదని తెలుసుకొని, నా దిక్కు ఒక తీరుగ చూసింది. తిట్టినా బాగుండు.

కాని ఆ లెక్క మా రూము ఊడ్చే అబ్బాయి దాంక పోలే. ఆయనకు గూడ నేను అదే చెప్పిన, నా దోస్తు పొద్దంత పైన తిరుగుతడు, పండుకునేందుకే వస్తడని. ఆయన నమ్మిండు. నాలుగు రోజులు రెండు మంచాలు సర్దిండు. ఓడలల్ల తువ్వాలలను మడిచి జంతువుల లెక్క చేసి మంచం మీద పెడుతరు. రోజు రెండు ఏనుగులు. నా ఏనుగును విప్పి ఒళ్లు తుడుచుకునేటోణ్ని. ఆ మంచం మీది ఏనుగు అట్లనే కూసోని నా దిక్కు చూసేది. రెండో రోజు దుప్పటి జర నలిపి పెట్టిన, ఎవరో పండుకున్నట్టు. నలిపినంక నాకే సిగ్గయింది.

తిండి దగ్గర తెలువనోళ్లతో కలిపి కూసోబెడుతరు. నా బల్లకు నాగపూర్ నుంచి వచ్చిన మొగుడు పెండ్లాలు. మంచోళ్లు. ఇగ చూస్కో అనుకొని షురూ చేసిన. వరంగల్ మిర్చి సీజన్ల మార్కెట్ మీదికెళ్లి పోయే కాకులు తుమ్మి తుమ్మి కింద పడుతయని చెప్పిన. ఆయన "అచ్ఛా!" అన్నడు. మా తాళ్లతో గూడ్సుబండి గుంజిన కథ చెప్పిన. ఆమె "ఐసా?" అని ఫోన్ల రాసుకున్నది, మనుమలకు చెప్పాలెనట. ఏనుగులు, విమానం గూడ చెప్పిన. ఇద్దరు తలలూపిన్రు. పాపం, మర్యాదస్తులు. మూడో పూటకు నాకు చెప్పబుద్ధి కాలే. బువ్వ తిని లేచి వచ్చిన. మొత్తం ఓడల రెండు వేలమంది ఉండొచ్చు, ఎంతమందో నాకు తెలువది. తరుగెంత అని అడిగే మనిషి ఒక్కడు లేడు.

లంకల దిగిన. బస్సుల తిప్పి గుళ్లు, బజార్లు చూపిచ్చి మల్ల ఎక్కించిన్రు. ఒక్కడే పోయేటోనికి నేను చెప్పేది, దిగకపోయినా నష్టం లేదు. అందరు దిగిపోయినంక ఓడ ఖాళీగుంటది, కుర్చీలన్ని మీయే. కాని నేను దిగింది తాళ్ల కోసం. ఓడను ఒడ్డుకు కట్టిన తాళ్ల దగ్గరికి పోనియ్యలే గని, దూరం నుంచి చక్కగ చూసిన. మోచెయ్యంత లావున్నయి. ఇక్కడ మొదలు నేను వేరే మాట రాసిన, అది ఎందుకు దిద్దిన్నో చివరికి చెప్త. టేపు ఆయన దగ్గరనే ఉంది. మా ఇద్దరిల టేపు ఆయన తేవాలె, తాడు నేను తేవాలె అనుకున్నం.

వాపస్ వచ్చేటప్పుడు సముద్రం జర లేచింది. అలలు పెద్దగున్నయి. ఏం తోచక కసరత్తు చేసే హాలుకు పోయిన. అక్కడ ఎవ్వరు లేరు. మూలకు మనుషులు బరువు చూసుకునే కాంటా ఉంది. ఎక్కిన. అరవై ఎనిమిది. నా బరువు అంతేనని సంతోషపడేటప్పటికి డెబ్బై ఒకటి. మల్ల అరవై ఏడు. నేను కదలలే. ఊపిరి బిగబట్టి నిలబడ్డ. ఓడ లేస్తుంటే ఒక తీరు, దిగుతుంటే ఒక తీరు. సముద్రం మీద కాంటా ఒక్క మాట మీద నిలబడుతలేదు.

నవ్వొచ్చింది. నవ్వి, పక్కకు తిరిగి, "చూసినవా రా?" అన్న. పైకే అన్న. హాలుల అద్దాలున్నయి. ఆ అద్దాలల్ల నేనే నాలుగు దిక్కులకెళ్లి కనిపించిన, నలుగురికి నోరు తెరిచే ఉన్నది.

దాని మీద చానసేపు నిలబడ్డ. అబద్ధం లెక్క ఉన్న నిజం ఒక్కటి దొరికింది, చెప్పాల్సిన మనిషికి వీపే ఉన్నది.

చెన్నై రేవు కాడ బిళ్ల చూపించి నా తాడు నేను తీసుకొని ఇంటికొచ్చిన. తెల్లారి చాయ్ డబ్బా కాడ మంది జమైన్రు. ఇరవై ఏండ్ల నుంచి గసుంటి జమావు చూడలే. "తిమింగలం వచ్చిందా అన్నా?" "తాడేసి పట్టుకున్నవా?" "ఓడను నువ్వే నడిపినవట గదా?" వాళ్లకు కావాల్సినంత నా దగ్గర ఉండె. రైల్ల వచ్చుకుంట తొవ్వ పొడుగూత తిమింగలం కథే కట్టుకొచ్చిన. కాని ఎదురుంగ కుర్చీ వీపు కనిపిస్తుంది. నేను కాంటా ముచ్చట చెప్పిన. ఉన్నది ఉన్నట్టు. అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, అరవై ఏడు.

"అబ్బో, ఇది మరీ గట్టిది!"

"మనిషిని గుర్తుపట్టే కాంటా అయిపోయింది, ఇప్పుడు ఊగే కాంటానా?"

అక్క చాయ్ గంజు మీదికెళ్లి తలెత్తి, "థూ, నీ నోరు పాడువడ. మల్ల ఆయన కాంటాల మీదనే పడ్డవా?" అన్నది. మంది నవ్వి పోయిన్రు. కుర్చీ తిరగలే. నేను ఒక్కణ్ని పూర్తి చాయ్ తాగిన. రెండు గ్లాసులల్ల పోసుడు ఆమె మానేసి ఎనిమిది నెలలైంది.

తెల్లారి నేను షట్టరు ఎత్తుతున్న. వెనక నుంచి గొంతు వినపడ్డది.

"ఏం కాంటా అది? స్ప్రింగుదా?"

తిరిగి చూసిన. అద్దాలు ముక్కు మీదనే ఉన్నయి, చిమట చేతిలనే ఉన్నది. రోడ్డు దాటి వచ్చిండు. రాత్రి నిద్ర పోయినట్టు లేడు.

"లోపల ఏముందో తెలువది. అంకెలు పడుతయి, కరెంటుది" అన్న.

"ఓడ లేచేటప్పుడు ఎక్కువ చూపిందా, దిగేటప్పుడా?"

నా నాలుక మీదికి జవాబు వచ్చింది. అంకెలతోని సహా వచ్చింది. లేచేటప్పుడు డెబ్బై ఒకటి అనొచ్చు, అటు ఇటు అయినా ఆయన చూసొచ్చేది లేదు. మింగిన.

"చూసుకోలే" అన్న. "నాకు తెలువది."

నేను ఆయనతోని తెలువదన్న మాట అనుడు బడి నుంచి అదే మొదటిసారి. ఆయన అద్దాల మీదికెళ్లి నన్ను చూసిండు.

"తరాజు అయితే ఊగకపోయేది" అన్నడు. "ఓడ లేస్తే రెండు పళ్లాలు లేస్తయి, దిగితే రెండు దిగుతయి. ముల్లు నడిమిట్లనే ఉంటది. ఒక్క పళ్లెం కాంటాకే ఆ తిప్పలు." చెప్పాల్సింది చెప్పి తిరిగి పోబోయిండు.

"ఆగు" అన్న. "గా ముచ్చట... సేటుకొక తూకం, రైతుకొక తూకం... నేనే కట్టిన. అబద్ధం. తప్పయింది."

"అబద్ధమని నాకు తెలువదా రా? నా కాంటాలు నాకు తెలువవా?" మొదటిసారి గొంతు లేచింది. "నాకెందుకు చెప్తున్నవ్? ఎవలకు చెప్పినవో వాళ్లకు చెప్పు."

చెప్పిన. ఆ పొద్దే చాయ్ డబ్బా కాడ నిలబడి చెప్పిన. మా కాంటాలాయన చేతుల ఏనాడు గింజ తేడా రాలే, ఆ కథ నేను కట్టిందే అని. నవ్విన్రు. "ఇది గూడ బాగుంది అన్నా, ఓడ గాలి వంటబట్టింది నీకు" అన్నరు. ఒకాయనైతే, "దోస్తును కాపాడుకుంటున్నవ్, మంచిదే" అని కన్ను కొట్టిండు. నిజం చెప్తే ఇంకింత అబద్ధమైంది. ఆయన అన్నీ విన్నడు. సాయంత్రం దుకాణం మూసుకుంట, నా దిక్కు చూడకుండనే అన్నడు.

"నోటితోని కాదు. కాగితం మీద రాయి. కింద సంతకం పెట్టు."

ఇది ఆ కాగితం. ఓడ గురించి రాస్తే నలుగురు చదువుతరని ఓడతోని మొదలుపెట్టిన. చదివినోళ్లు కిటికీ సంగతి, గోలీల సంగతి, తాడు సంగతి యాది పెట్టుకున్నా మరిచిపోయినా మంచిదే. మా బజార్ల కాంటాలు బాగుచేసేటాయన చేతుల ఏ రైతుకూ గింజ మోసం కాలేదన్నది, ఆ మాట పుట్టించింది తాళ్ల దుకాణపోడు అన్నది మాత్రం నలుగురికి చెప్పుండ్రి.

నిన్న పొద్దుగాల, ఇంత దాంక రాసి సంతకం పెట్టి, ఈ కాగితాలు తీసుకొని రోడ్డు దాటిన. పదిహేను కాదు, పన్నెండు అడుగులే. ఆయన నిలబడే చదివిండు. మెల్లగ చదువుతడు, తూకం చూసినట్టు. తువ్వాల ఏనుగుల కాడ ఆగిండు. పేజీ తిప్పిండు. లంక కాడికి వచ్చినంక చిమట కొనతోని ఒక లైను మీద పొడిచిండు.

"తొడంత లావు తాడని రాసినవ్. ఎవల తొడ?"

నేను నా తొడ దిక్కు చూసుకున్న.

"తరుగెంత?"

"మోచెయ్యంత" అన్న.

"దిద్దు మరి."

పెన్ను ఆయనే ఇచ్చిండు. దిద్దిన. కుర్చీ ఇంకా అటే తిరిగి ఉన్నది. కూసోమని నన్ను అనలే. నేను కాగితాలు తీసుకొని ఇవతలికి వచ్చేటప్పటికి, అక్క ఒక చాయ్‌ని రెండు గ్లాసులల్ల పోసి, ఎటు తీసుకపోవాల్నో తెలువక రోడ్డు నడిమిట్ల నిలబడి ఉన్నది.